క్యాసెట్లు ఇంకా ఎందుకు పెట్టలేదంటే

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. సంగటి తిని తీరిగ్గా కూర్చున్నప్పుడు చదవండి.

ఉగాది తర్వాత నుంచి మమ్మల్ని అందరూ అడుగుతున్న మాట ఒక్కటే: "అవ్వల పాటలు ఎప్పుడు వినిపిస్తారు?" కొందరు మర్యాదగా అడిగారు. కొందరు "మెషీన్ వచ్చింది, డిస్కులు వచ్చాయి, పూజ కూడా అయింది, ఇంకా ఏం చూస్తున్నారప్పా?" అని నిలదీశారు. ఒకాయన అయితే మేము మెషీన్‌లో సినిమాలు చూసుకుంటున్నామని కూడా రాశాడు. ఆయనకి విడిగా జవాబు చెప్పాం. మిగిలినవాళ్ళకి చెప్పాల్సింది ఇక్కడ చెప్తున్నాం.

మన దగ్గరున్నవి 130 దాకా క్యాసెట్లు. 1980ల్లో మన మాస్టారొకరు టేప్ రికార్డర్ భుజాన వేసుకుని దేన్కనికోట, తళి, బేరికె, శూళగిరి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి పట్టుకొచ్చిన పాటలు అవి. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, రాగులు విసిరేటప్పటి తిరగలి పాటలు. పాడినవాళ్ళల్లో ఇప్పుడు మిగిలింది ఇద్దరో ముగ్గురో. 1956లో రాష్ట్రాల గీతలు గీసినప్పుడు మన హోసూరు మద్రాసు వైపు ఉండిపోయింది. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక మన బడుల్లో తెలుగు ఎలా నిలబడుతోందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఈ గడ్డ మీద మన మాట ఎలా ఉండేదో వినాలంటే ఈ టేపులే దిక్కు.

టేపు సంగతి చాలామందికి తెలియదు. నలభై ఏళ్ళు దాటిన క్యాసెట్‌లో గోధుమరంగు పూత పొడిపొడిగా రాలుతుంది. లోపల టేపును నొక్కి పట్టే చిన్న మెత్త ఊడిపోతుంది. ప్లేయర్‌లో పెట్టిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. ఇప్పటికే మూడు టేపులు తెగాయి. అందుకే మేము ప్రతి క్యాసెట్‌ను ఒక్కసారి తిప్పినప్పుడే వీలైనంత నాణ్యంగా, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పట్టుకుంటున్నాం. గంట పాటకి రెండు జీబీ పైచిలుకు అవుతుంది. అలా పట్టిన ఫైలు నకలు కాదు, ఇక అదే అసలు. డిస్కులో అది పాడైతే మళ్ళీ తిప్పుకోవడానికి వెనకాల టేపు ఉండకపోవచ్చు.

ఇక మెషీన్. ఒక సభ్యుడు తన ఆఫీసులో మార్చేసిన కంప్యూటర్‌ను సంఘానికి ఇచ్చాడు, 16 జీబీ మెమరీతో. చందాలతో రెండు 4 టీబీ డిస్కులు కొన్నాం. ఒకటి లోపల పెట్టి, రెండోది యూఎస్‌బీతో తగిలించే బయటి పెట్టెలో పెట్టాలని అనుకున్నాం. పెట్టె అమ్మిన దుకాణదారు మా ఎదుటే మూడు జీబీ ఫైలు కాపీ చేసి, అసలుతో పోల్చి, "చూడండి సార్, అక్షరం తేడా లేదు" అని చూపించాడు. అప్పుడు మాతో ఉన్న కుర్రాడు బెంగళూరులో స్టోరేజీ టెస్టింగ్ పని చేస్తాడు. రోజూ హోసూరు నుంచి వెళ్ళొచ్చే బ్యాచే. వాడు నవ్వి, "అన్నా, ఈయన ఇప్పుడు పరీక్ష చేసింది డిస్కును కాదు, మెమరీని" అన్నాడు.

మాకూ మొదట అర్థం కాలేదు. వాడు చెప్పిన తర్వాత అర్థమయిన తీరు ఇది.

మన తాతల ఇళ్ళల్లో రాగులు దాచడానికి నేలలో తవ్విన పాతర ఉండేది, గుర్తుందా? కళ్ళం నుంచి మూటలు వచ్చేవి. వచ్చిన మూటను వచ్చినట్టే ఎవరూ పాతరలో దించరు. ముందు తిన్నె మీద వేస్తారు. బండివాడికి "సరే, ముట్టింది" అని చెప్పి పంపించేస్తారు. పాతర మూత తీసి దించడం తర్వాత ఎప్పుడో, అందరికీ కుదిరినప్పుడు. ఈలోగా ఎవరైనా రాగులు అడిగితే తిన్నె మీది మూటే విప్పి కొలిచి ఇస్తారు. పాతరలో చెమ్మ ఉందా, పురుగు ఉందా అన్నది అప్పుడు ఎవరికి తెలుస్తుంది? కంప్యూటర్ చేసేదీ ఇదే. మీరు ఫైలు రాస్తే అది ముందు మెమరీలో పడుతుంది. దాన్ని పేజ్ క్యాష్ అంటారు. "రాసేశాను" అని జవాబు వచ్చేస్తుంది. వెంటనే చదివితే మెమరీలోంచే ఇస్తుంది. మూడు జీబీ ఫైలు, పదహారు జీబీ మెమరీ. దుకాణదారు పోల్చిందంతా తిన్నె మీది మూటలనే. పాపం ఆయన అబద్ధమేమీ ఆడలేదు, ఆయనకీ తెలియదు.

తిన్నె మీద దించకుండా బండి నుంచి నేరుగా పాతరలోకి దించే పద్ధతిని డైరెక్ట్ ఐఓ అంటారు. ఫైలు తెరిచేటప్పుడే ఓ డైరెక్ట్ అనే గుర్తు పెడితే, లైనక్స్ మధ్యలో తన క్యాష్‌ను పక్కన పెట్టి, ప్రోగ్రాము మెమరీకీ డిస్కుకీ మధ్య నేరుగా సరుకు నడుపుతుంది. ఇది ముందు సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్ళ ఐరిక్స్‌లో ఉండేది, లైనక్స్‌కు 2001లో 2.4.10తో వచ్చింది. పెద్ద డేటాబేసులకు తమ క్యాష్ తామే చూసుకోవడం ఇష్టం కాబట్టి వాళ్ళకి ఇది కావాలి. లైనస్ టోర్వాల్డ్స్‌కు మాత్రం ఈ ఏర్పాటు మొదటి నుంచీ గిట్టదు, దాన్ని బాగానే తిట్టాడు. తిట్టడంలోనూ న్యాయం ఉంది. ఈ దారిలో నియమాలెక్కువ. పాతరలోకి విడి గింజలు పోయరు, నిండు మూటలే దించాలి అన్నట్టు, డైరెక్ట్‌గా రాసేటప్పుడు పొడుగూ, ఫైలులో మొదలయ్యే చోటూ, మెమరీలో ఉన్న చోటూ అన్నీ సెక్టరు కొలతకి సరిపోవాలి. కొన్ని డిస్కులకు 512 బైట్లు, కొన్నిటికి 4096. ఒక్క బైటు తేడా వచ్చినా చాలాసార్లు పని జరగదు, తప్పు కోడు వస్తుంది. అదే ఫైలును ఒకరు క్యాష్ దారిలో, ఇంకొకరు నేరుగా ఒకేసారి రాస్తే ఏది నిలుస్తుందో చెప్పలేం. రెండూ కలపవద్దని లైనక్స్ మాన్యువల్ పేజీయే చెప్తుంది.

ఇక్కడే ఒక పెద్దాయన అడ్డం తగిలారు. "మనమేమన్నా బ్యాంకు నడుపుతున్నామా? పాటలు పెడతాం, వింటాం. మనం వాడని దారిలో పరీక్ష ఎందుకు?" మంచి ప్రశ్నే. మేము రోజువారీ పనికి డైరెక్ట్ దారి వాడబోవడం లేదు. కానీ డిస్కునీ, వైరునీ, పెట్టెనీ, ఫైల్ సిస్టంనీ నిజంగా అలసిపోయేదాకా పరుగెత్తించాలంటే ఈ దారే మేలు. క్యాష్ దయగలది. చిన్న చిన్న రాతలను కలిపి, వరసలో పేర్చి, డిస్కుకి మెల్లగా అందిస్తుంది. డైరెక్ట్ దారిలో ఆ దయ ఉండదు. ముప్పై రెండు పనులు ఒకేసారి, ఒకదానికొకటి సంబంధం లేని చోట్ల, విరామం లేకుండా మీద పడతాయి. పెళ్ళికూతురిని చూడటానికి పెళ్ళిరోజు కాదు కదా వెళ్ళేది, కోతల రోజు వెళ్ళి చూడాలని మా అవ్వ అనేది.

మొదట ఎఫ్‌ఎస్‌ఎక్స్ నడిపాం. దీని కథ మాకు భలే నచ్చింది. 1991లో నెక్స్ట్ కంప్యూటర్‌లో ఏవడిస్ టెవానియన్ రాసిన చిన్న ప్రోగ్రాము ఇది, తర్వాత ఆపిల్ చేతుల్లో మారి, ఇప్పుడు లైనక్స్ ఫైల్ సిస్టంలు రాసేవాళ్ళందరి దగ్గరా ఉంది. అది చేసేది పిచ్చి పని. ఒకే ఫైలులో ఎక్కడ పడితే అక్కడ రాస్తుంది, చదువుతుంది, ఫైలును కత్తిరిస్తుంది, మళ్ళీ పెంచుతుంది. ఫైలులో ఏముండాలో ఒక నకలు తన దగ్గర పెట్టుకుని ప్రతిసారీ పోల్చుతుంది. ఒక్క బైటు తేడా వస్తే అక్కడికక్కడ ఆగి, అంతవరకూ తాను చేసిన పనుల చిట్టా విప్పుతుంది. మొదట ఇచ్చిన సంఖ్య మళ్ళీ ఇస్తే అదే పిచ్చిని అదే వరసలో మళ్ళీ చేస్తుంది కాబట్టి తప్పును మళ్ళీ రప్పించవచ్చు. డైరెక్ట్ దారిలో కొలతలు 4096కి బిగించి రెండు డిస్కుల మీదా రాత్రంతా నడిపాం. తప్పు రాలేదు.

తర్వాతది పాత సరుకు బయటపడే పరీక్ష. లైనక్స్ టెస్ట్ ప్రాజెక్ట్‌లో ఉంది ఇది. ముందు డిస్కులో ఒక పెద్ద ఫైలు నిండా ఏఏ అనే ఒకే గుర్తు, అంటే 10101010 నింపి, ఆ ఫైలు చెరిపేస్తుంది. చెరిపినా గుర్తులు డిస్కు మీద అలాగే ఉంటాయి, చోటు మాత్రం ఖాళీ అని రాసి ఉంటుంది. ఆ తర్వాత నడుమ నడుమ ఖాళీలున్న కొత్త ఫైలు పుట్టించి, ఒకరు డైరెక్ట్‌గా రాస్తుంటే మరికొందరు అదే ఫైలు చదువుతుంటారు. ఇంకా రాయని చోట చదివితే సున్నాలే రావాలి. సున్నా కాకుండా ఏఏ కనబడిందా, ఫైల్ సిస్టం పాత అద్దెవాళ్ళ సామాను కొత్తవాళ్ళకి చూపించినట్టే. మాకు ఇది ముఖ్యం ఎందుకంటే, ఈ మెషీన్‌లోకి పాటలతోబాటు సంఘం పాత సహాయనిధి పుస్తకాల స్కాన్లు కూడా వస్తాయి. కరువు రోజుల్లో ఎవరింటికి ఎంత ఇచ్చాం అని అందులో ఉంది. అది ఒకరి ఫైలులోంచి ఇంకొకరికి కనబడకూడదు. ఈ పరీక్షా నెగ్గింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ మీదా, ఎక్స్‌ట్4 మీదా రెండిటి మీదా చేశాం.

మూడోది ఫియో. యెన్స్ ఆక్స్‌బో రాసింది. ఇది రాసే ప్రతి ముక్క తల మీద ఒక చీటీ అంటిస్తుంది: నా పొడుగు ఇంత, నా చోటు ఇది, నా లోపలి సరుకు చెక్‌సమ్ ఇది అని. తర్వాత చదివేటప్పుడు ఆ చీటీ సరిచూస్తుంది. 4 కేబీ ముక్కలు, చెల్లాచెదురు చోట్లలో, ఒకేసారి 32, డైరెక్ట్ దారిలో. రాయడం, కొంచెం వెనకాలే వచ్చి చదివి పోల్చడం. డిస్కు సెకనుకి నూట అరవై దాకా రాయగలిగింది. గిరగిర తిరిగే డిస్కు నుంచి అంతకన్నా ఎక్కువ ఆశించకూడదు. లోపలి డిస్కు మీద ఏమీ లేదు. బయటి పెట్టె మీద ఏడో గంటలో ఆగింది.

సుమారు 40 లక్షల రాతల్లో మూడు తప్పులు. ఆ మూడూ విరిగిన ముక్కలు కావు. చీటీ బాగుంది, చెక్‌సమ్ బాగుంది, చోటే వేరు. ఒకరి ఉత్తరం చెక్కుచెదరకుండా పక్కింట్లో దొరికినట్టు. రెండు చోట్ల మళ్ళీ చదివితే సరైన ముక్కే వచ్చింది, అంటే పెట్టె జవాబు ఇచ్చేటప్పుడు తికమకపడింది. మూడోది ఎన్నిసార్లు చదివినా తప్పే. అంటే రాసేటప్పుడే తప్పు చోట రాసి, అక్కడున్న వేరే ముక్కను తుడిచేసింది కూడా. ఇంత జరిగినా సిస్టం చిట్టాలో ఒక్క హెచ్చరిక లేదు. ఎర్రదీపం వెలగలేదు. పెట్టె తన మానాన తాను చల్లగా పని చేసుకుంటూ ఉంది.

తప్పు డిస్కుదా, పెట్టెదా? లోపలి డిస్కు తీసి పెట్టెలో పెట్టాం. ఐదో గంటలో అదే తప్పు. పెట్టెలోని డిస్కును తెచ్చి లోపల సాటా వైరుకి తగిలించాం, మూడు రోజులు నడిచింది, సున్నా తప్పులు. వైరు మార్చాం, పెట్టె మారలేదు. పనులు ఒకేసారి 32 కాకుండా ఒక్కొక్కటే ఇస్తే పెట్టె కూడా బుద్ధిగా ఉంది. యూఎస్‌బీలో అనేక పనులను ఒకేసారి మోసే యూఏఎస్ అనే పద్ధతి ఉంది. దాన్ని ఆపేసి పాత పద్ధతిలో నడిపితే రెండు రోజులు తప్పు రాలేదు, వేగం మాత్రం పడిపోయింది. అంటే పెట్టెలో ఉన్న యూఎస్‌బీ నుంచి సాటాకి మార్చే చిప్పు, రద్దీ పెరిగితే ఏ జవాబు ఎవరిదో మర్చిపోతోంది. కొన్ని చిప్పులకు యూఏఎస్ ఆపేయాలని లైనక్స్ కెర్నల్‌లోనే ఒక జాబితా ఉంది, కాబట్టి ఇది ఒక్క మన పెట్టె రోగం కాదు.

దుకాణదారు ముందు ఒప్పుకోలేదు. ఇంతవరకు ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదన్నాడు. ఇవ్వరు. ఎవరు కనిపెట్టాలి? నాలుగు వారాలు తిరిగి డబ్బు వెనక్కి తెచ్చాం. ఆలస్యంలో సగం అక్కడే పోయింది.

కమిటీలో ఇంకో వాదన నడిచింది, దాన్ని దాచిపెట్టం. "40 లక్షల్లో మూడు అంటే ఏముంది? పాటలో ఒక టిక్ మనే చప్పుడు" అన్నారు ఒకరు. లెక్క నిజమే. 4096 బైట్లంటే మన రికార్డింగులో సెకనులో వెయ్యోవంతులు ఏడు, అంతే. పాట మధ్యలో పడితే చెవికి తెలియకపోవచ్చు. కానీ అదే ముక్క ఫైలు తల దగ్గర పడితే ఆ ఫైలు తెరుచుకోదు. స్కాన్ చేసిన జేపెగ్‌లో పడితే ఆ చోటు నుంచి కింద బొమ్మంతా రంగుల ముద్ద. ఫైల్ సిస్టం తన సొంత లెక్కలు రాసుకునే చోట పడితే ఒక ఫోల్డరే మాయం. ఎక్కడ పడాలో మనం చెప్పలేం కదా. "మనం ఒకేసారి 32 పనులు ఎప్పుడు ఇస్తాం?" అన్నారు ఇంకొకరు. ముగ్గురు స్కాన్ పేజీలు ఎక్కిస్తూ ఉంటే, అదే సమయంలో బ్యాకప్ నడుస్తూ ఉంటే, చిన్న బొమ్మలు తయారవుతూ ఉంటే, 32 అన్నది పెద్ద సంఖ్యేమీ కాదు.

"అంతా క్లౌడ్‌లో పడేస్తే పోలా" అన్న కుర్రకారుకి: పడేస్తాం. కానీ ముందే పాడైన ఫైలును క్లౌడ్ మహా భద్రంగా, పాడైనట్టే దాస్తుంది.

ఇందులో మమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టిన మనిషి ఒక్కరే. ఆమె వయసు డెబ్బై దాటింది. ఒక క్యాసెట్‌లో ఆమె అమ్మ పాడిన అప్పగింతల పాట ఉంది. ఆ టేపు ఒక్కసారి తిరిగింది, చివర్లో తెగింది. ఆ ఒక్క ఫైలు మా ల్యాప్‌టాప్‌లో ఉంది. ప్రతి ఆదివారం ఫోన్ చేసి "ఏం నాయనా, అయిందా?" అని అడిగేది. అయిదో వారం "నేను పోయినాక పెడతారా ఏమి?" అంది. ఆ రాత్రి మాలో ఇద్దరికి నిద్రలేదు. మర్నాడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆమె ఇంటికే వెళ్ళాం. ఆమె పాట విన్నది. ఏడవలేదు. రెండో చరణం దగ్గర ఆపమని, "ఇక్కడ మా అమ్మ మాట మార్చి పాడేది, పెండ్లికొడుకు పేరు పెట్టి" అని చెప్పింది. అది రాసుకున్నాం. ఫైలు పేరు పక్కన ఆ సంగతి ఉంటుంది. ఆమె మనవడు పెన్‌డ్రైవ్ తెచ్చి ఇమ్మన్నాడు. మూడు చోట్ల భద్రపడ్డాక ఇస్తామన్నాం, ముఖం ముడుచుకున్నాడు. ఆమె మాత్రం "ఆగరా, ఇంతకాలం ఆగలేదా" అని వాడినే కసిరింది.

చివరి పరీక్ష కరెంటు పీకేయడం. డైరెక్ట్‌గా రాసినంత మాత్రాన సరుకు డిస్కు పళ్ళెం మీద పడ్డట్టు కాదని చాలామందికి తెలియదు. డిస్కుకి తన లోపల ఇంకో చిన్న తిన్నె ఉంది, దాని సొంత క్యాష్. అందులోంచి కూడా దించమని ఎఫ్‌సింక్ అనే ఆజ్ఞ విడిగా ఇవ్వాలి. డిస్కు ఆ ఆజ్ఞకు "దించాను" అని అబద్ధం చెప్తుందేమో చూడాలి. మన మెషీన్ ఒక్కో సంఖ్య రాసి, ఎఫ్‌సింక్ చేసి, అయ్యాకే ఆ సంఖ్యను పక్కనున్న ల్యాప్‌టాప్‌కి చెప్తుంది. మధ్యలో ప్లగ్ పీకేస్తాం. మళ్ళీ లేచాక ల్యాప్‌టాప్‌కి చెప్పిన చివరి సంఖ్య డిస్కులో ఉండి తీరాలి. పదకొండుసార్లు పీకాం. పదకొండుసార్లూ ఉంది. పన్నెండోసారి మేము పీకకముందే కరెంటోళ్ళే పీకారు. అప్పుడూ ఉంది.

ఇప్పుడు పరిస్థితి ఇది. రెండు డిస్కులూ లోపలే సాటా వైర్ల మీద ఉన్నాయి, బయటి పెట్టె లేదు. యూపీఎస్ వచ్చింది. ఈ ఆదివారం నుంచి ఎక్కించడం మొదలు. ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ తీసి జాబితా ప్రింటు కొట్టి సంఘం బీరువాలో పెడతాం. మూడో నకలు బెంగళూరులో ఒక సభ్యుడి ఇంట్లో ఉంటుంది. ఆరు నెలలకోసారి అన్నీ డైరెక్ట్ దారిలో చదివి జాబితాతో సరిచూస్తాం. ఆ పనికి ఇద్దరు కుర్రాళ్ళు కావాలి, లైనక్స్ తెలియకపోయినా ఫర్వాలేదు, ఓపిక ఉంటే చాలు. మొదటి ఇరవై పాటలు నెలాఖరులోపు గ్రూపులో వినిపిస్తాం.

ఇంకా ఎవరింట్లోనైనా అటకల మీద పాత క్యాసెట్లుంటే తెచ్చివ్వండి. పని చేస్తోందో లేదో చూద్దామని మీ ఇంట్లో ప్లేయర్‌లో పెట్టవద్దు. రివైండ్ చేయవద్దు. ఎండలో కారు అద్దం దగ్గర ఉంచవద్దు. దుమ్ము కూడా తుడవవద్దు, అది మేము చూసుకుంటాం. పైన ఎవరు పాడారో, ఏ ఊరో తెలిస్తే ఒక కాగితం మీద రాసి రబ్బరుతో కట్టి ఇవ్వండి.